కెమెరాకి దిష్టి

చుస్త్ ఊళ్లో వాహిద్ ఖుబానీలు ఎండబెట్టే కళ్లంలో ఆ రోజు మోగిన అలారాలు ఐదంటే ఐదు. మహ్కమ్ ఉస్తా చాయ్‌ఖానా అరుగు మీద కూర్చుని, ఫోను పైకీ కిందికీ జరుపుతూ మూడుసార్లు లెక్కపెట్టాడు. నాలుగోసారి లెక్కపెడితే ఇంకో రెండు దొరుకుతాయేమోనని ఆశపడ్డాడు. దొరకలేదు. ఆ ఐదింటిలో రెండు పనివాళ్లు వచ్చినప్పటివి, ఒకటి లారీది, ఒకటి కాలువ గట్టు దాటి లోపలికి దూరిన పొరుగువాడి ఆవుది, చివరిది ఆ ఆవుని తోలుకుపోవడానికి వచ్చిన పొరుగువాడిది. అంటే ఒక్కటి కూడా ఉత్తుత్తిది కాదు. పియాలాలో పోసుకున్న పచ్చ టీ చల్లారిపోయింది.

అబద్ధమెందుకు, ఆయన కడుపు భగ్గుమంది. ఎందుకు మండదూ! పద్నాలుగేళ్లుగా చుస్త్‌లో కెమెరా అంటే మహ్కమ్, మహ్కమ్ అంటే కెమెరా. బజారులో, బడిలో, రొట్టెల బట్టీ ముందు, కత్తులు చేసేవాళ్ల వీధిలో ఏ గోడ మీద కెమెరా కనిపించినా అది ఆయన చేత్తో బిగించిందే. ఉస్తా, అంటే పనిలో ఆరితేరిన గురువు, అన్న మాట ఊరు ఆయనకి ఊరికే ఇవ్వలేదు. ఇప్పుడా మాట ఒక ఆడపిల్ల ఎగరేసుకుపోయేలా ఉంది. అదీ ఎవరు? ఆరేళ్లు ఆయన కొట్లోనే బల్ల వెనక నిలబడి తీగలు కొలిచి అమ్మిన హుల్కర్!

పిల్ల అంటే నిజంగా పిల్లేం కాదు. ముప్పై నాలుగేళ్ల మనిషి, ఇద్దరు బిడ్డల తల్లి. కొట్లో ఉన్నన్నాళ్లూ నోరెత్తేది కాదు, కళ్లు మాత్రం మూసేది కాదు. పోయిన ఏడాది ఆకురాలే రోజుల్లో, "ఉస్తా, నేను సొంతంగా చేసుకుంటా" అని చెప్పి బస్టాండు పక్కన చిన్న గది తీసుకుంది. ఎన్నాళ్లు నిలుస్తుందిలే అని మహ్కమ్ నవ్వాడు. ఆ నవ్వు ఈ వేసవి దాకా బాగానే సాగింది.

వాహిద్ కళ్లంలో ఎనిమిది కెమెరాలూ రెండేళ్ల క్రితం మహ్కమ్ బిగించినవే. ఆరుబయలు కెమెరా సంగతి తెలిసిందేగా. ఏం కదిలినా అది మోగుతుంది. ఖుబానీల మీద కప్పిన గుడ్డలు గాలికి లేస్తే మోగుతుంది, పోప్లర్ చెట్ల నీడ కదిలితే మోగుతుంది, గోరింకలు వాలితే మోగుతుంది, అద్దం ముందు సాలీడు గూడు కడితే రాత్రల్లా మోగుతూనే ఉంటుంది. రోజుకి మూడొందలు, మూడొందల యాభై. వాహిద్ లబోదిబోమంటూ వచ్చినప్పుడల్లా మహ్కమ్ దగ్గర ఉన్న మందు ఒక్కటే, కెమెరా చురుకుదనం తగ్గించేయడం. వందని యాభై చేశాడు, యాభైని ఇరవై చేశాడు. చివరికి ఆ కెమెరాలు ఎంత నెమ్మదస్తులయ్యాయంటే, పోయిన వేసవిలో పట్టపగలు ఎవడో కూలిన గోడలోంచి గాడిదబండి తోలుకొచ్చి, పదకొండు పళ్లాల ఖుబానీలు ఎత్తుకుని, గాడిదకి కాలువలో నీళ్లు కూడా తాగించుకుని పోయాడు. ఒక్క అలారం మోగితే ఒట్టు. "మహ్కమ్ కెమెరాకి గాడిదంటే మహా గౌరవం" అని చాయ్‌ఖానాలో ఇప్పటికీ అంటారు, ఆయన లేనప్పుడు. ఉన్నప్పుడు కూడా కొందరంటారు.

అందుకే ఈ ఏడు వాహిద్ హుల్కర్ని పిలిచాడు. ఆమె వచ్చి ఏం చేసిందయ్యా అంటే, రెండు రోజులు ఏమీ చేయలేదు. కళ్లం మధ్యలో టీ కెటిల్ పెట్టుకుని కూర్చుంది. ఏ వేళకి ఏ చెట్టు నీడ ఎక్కడ పడుతోంది, గోరింకలు ఎటు వాలుతున్నాయి, గాలి ఏ మూల గుడ్డ ముందు లేపుతోంది, అన్నీ చూసింది. మూడో రోజు లేచి పని మొదలుపెట్టింది. ఒక్కో కెమెరా చూపించే బొమ్మ మీదా గీతలు గీసి, ఈ చెట్టు నీ సంగతి కాదు, ఆ రోడ్డు మన సంగతి కాదు, ఈ గోడా ఆ గట్టూ మాత్రం చూసుకో అని దానికి నేర్పింది. మేకకంటే చిన్నదైతే వదిలెయ్ అని చెప్పింది. ఏదో కదిలిందని కాకుండా, గీత దాటి లోపలికొస్తేనే మోగేలా మార్చింది. రాత్రి దీపాలు కెమెరా నెత్తి మీంచి తీసి నాలుగు బారలవతల ఇంకో గుంజకి బిగించింది. పురుగులు అటు పోయాయి, పురుగుల వెంట సాలీళ్లూ పోయాయి. గాలికి ఊగే స్తంభాలకి తీగలు లాగి కట్టింది. మూడొందల యాభై కాస్తా ఐదుకి దిగింది.

ఇందులో మహ్కమ్‌కి తెలియని విద్య ఏముంది? దీపం పక్కకి జరపాలని తనకి తెలీదా? తెలుసు. నిచ్చెన రెండోసారి ఎక్కడానికి బద్ధకించాడు, అంతే. అదే ఎక్కువ మండుతోంది.

పైగా సంగతి ఒక్క కళ్లంతో పోయేది కాదు. వాహిద్ అంటే ఖుబానీ రైతుల సంఘానికి పెద్ద. వచ్చే శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక రైతులంతా వాహిద్ కళ్లంలో పలావు తిని, ముప్పై ఎనిమిది కళ్లాల కెమెరాలూ ఎవరి చేతిలో పెట్టాలో తేల్చుకుంటారు. ఆ పని ఎవరికి దక్కితే ఇక చుస్త్‌లో ఉస్తా వాళ్లే. రెండో ఉస్తాకి ఈ ఊళ్లో చోటు లేదు.

ఆ రాత్రి భోజనం దగ్గర మహ్కమ్ పళ్లెం కదిలించలేదు. ఆయన భార్య సనోబర్ ఒక కంట కనిపెడుతూనే ఉంది.

"దాదాసీ, తినరేం? మాంసం ఉడకలేదా?" అంది, చుస్త్‌లో ఆడవాళ్లు మొగుణ్ని పిల్లల నాన్నా అని పిలిచే మాటతో.

"ఆకలి లేదు."

"ఎన్నివాళ?"

"ఏవి ఎన్ని?"

"నాకేం తెలీదనుకోకండి. హుల్కర్ అలారాలు. నిన్న తొమ్మిదైతే ఒక నాన్ తిన్నారు. మొన్న పదమూడైతే నానూ తిని పుచ్చకాయా తిన్నారు. ఇవాళ అస్సలు ముట్టట్లేదంటే ఐదా, నాలుగా?"

"ఐదు," అన్నాడు మహ్కమ్. అని, ఫోను బోర్లా పెట్టాడు.

"ఆ వాహిద్ మీ ఫోన్లోంచి తన కెమెరాలు తీసేయడం మరిచిపోయాడు. మీరైనా తీసేయచ్చుగా. ఎందుకొచ్చిన ఏడుపు?"

తీసేయచ్చు. తీసేస్తే ఐదని తెలిసేది కాదు, నిజమే. కానీ నాలుగైందేమోనన్న బాధ ఉంటుందే, అది ఐదుకంటే ఘోరం. ఈ ముక్క ఆవిడకి ఎలా చెప్పడం?

మర్నాడు ఉండబట్టలేక కళ్లానికే పోయాడు. వాహిద్‌ని చూడ్డానికొచ్చాననే వంక పెట్టుకున్నాడు. వాహిద్ లేడు. ఊరంతా అవ్వ అన్నట్టు బువి అని పిలిచే వాహిద్ తల్లి తోజిఖాన్ బువి నీడన బొంత వేసుకుని పుచ్చు ఖుబానీలు ఏరుతోంది. హుల్కర్ నిచ్చెన మీద ఉంది, రుమాలు వెనక్కి ముడేసుకుని, నోట్లో మూడు మేకులు పెట్టుకుని. ఆయన్ని చూడగానే మేకులు చేతిలోకి తీసుకుని కిందికి దిగి, గుండె మీద చెయ్యి పెట్టుకుని సలాము చేసింది.

"రండి ఉస్తా. అన్నీ ఒకసారి చూసి తప్పులుంటే చెప్పండి."

తప్పులా! మహ్కమ్ ఎనిమిది స్తంభాలూ తిరిగాడు. తప్పు కోసం గాలించినంతగా ఆయన తన సొంత పనిలో కూడా ఎప్పుడూ గాలించలేదు. దొరకలేదు. తీగ చుట్టిన తీరు కూడా ముచ్చటగా ఉంది. ఆ తీరు తనే నేర్పాడు. ఏదో ఒకటి అనాలి కాబట్టి, పళ్లు బిగబట్టి అన్నాడు:

"అబ్బో, అద్భుతంగా చేశావు. ఇంతటి పనితనం నా జన్మలో చూడలేదు. ఒక్కటంటే ఒక్కటి ఉత్తుత్తిగా మోగడం లేదే!"

బువి చేతులు ఆగిపోయాయి. ముసలావిడ తలెత్తి ఆయన ముఖం వంక చూసింది.

"మాషల్లా అను నాయనా."

"ఆఁ... మాషల్లా, మాషల్లా."

"పొగిడే ముందు అనాల్సిన మాట, దిష్టి తగలకుండా," అంది బువి. పక్కకి తిరిగి మూడుసార్లు తుఫ్ తుఫ్ తుఫ్ అని ఉమ్మింది. "ఏమనుకోకు మహ్కమ్‌జాన్. నీ కన్ను మంచిదే అయ్యుంటుంది. నాకే వయసు మీద పడి చాదస్తం."

హుల్కర్ నవ్వి మళ్లీ నిచ్చెన ఎక్కింది. మహ్కమ్ ముఖం మాడ్చుకుని ఇంటికి పోయాడు.

సరిగ్గా ఆదివారం నుంచి కథ అడ్డం తిరిగింది. ఆ సాయంత్రం ఫోను చూస్తే తొంభై. మహ్కమ్ కళ్లు నులుముకున్నాడు. సోమవారం రెండొందల నలభై. మంగళవారం మధ్యాహ్నానికే మూడొందలు దాటింది. అలారంతోపాటు వచ్చే బొమ్మల్లో మనిషి లేడు, మేక లేదు. మసకమసకగా ఏదో అడ్డం పడి పోయినట్టు, అంతే. సోమవారం రాత్రి ఆయన రెండు పళ్లేల పలావు తిని, మూడో దానికి చెయ్యి చాపాడు. సనోబర్ గరిటెడు వడ్డించి తనలో తనే నవ్వుకుంది.

మంగళవారం సాయంత్రం అసర్ నమాజు వేళ దాటాక, గాలి లేచే సమయానికి, కళ్లం వెనక కాలువ గట్టు మీద మల్బరీ చెట్టు కింద నిలబడ్డాడు. ఎందుకంటారా? ఆనందించడానికి. ఓడిపోతున్న పనిని దగ్గర్నుంచి చూసుకుంటే ఆ సుఖమే వేరు. అప్పుడు కనిపించింది ఆయనకి.

ఒక్కో కెమెరా మెడకీ ఎర్రదారంతో కట్టిన ఇసిరిక్ కట్ట. దిష్టి తగలకుండా గుమ్మానికి కట్టే ఎండు ఆకు, దానితోపాటు నాలుగు ఎండుమిరపకాయలు, ఒక నల్లపూస. ఇంకెవరు, తోజిఖాన్ బువి పనే. తను పొగిడి వెళ్లాక కట్టించి ఉంటుంది. గాలి లేనప్పుడు ఆ కట్ట కెమెరా వెనక బుద్ధిగా దాక్కుంటుంది. గాలి వీచిందా, ఊగుతూ ముందుకొచ్చి అద్దాన్ని ఒకసారి రాసుకుని మళ్లీ వెనక్కి పోతుంది. అద్దానికి అంత దగ్గర్లో బెత్తెడు కట్ట కెమెరాకి బెత్తెడుగా కనిపిస్తుందా? మేకకంటే పెద్దది, మనిషికంటే పెద్దది. గీసిన గీతలన్నీ ఒకేసారి దాటుతుంది. మోగకేం చేస్తుంది!

మహ్కమ్ చెట్టు పట్టుకుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

హుల్కర్ చూడలేదా అంటారేమో. చూసే ఉంటుంది. కానీ చుస్త్‌లో ఇసిరిక్ కట్ట లేనిదెక్కడ? ప్రతి గుమ్మం మీదా ఉంటుంది, కారు అద్దానికి ఉంటుంది, బట్టీ మీద ఉంటుంది, కొత్తగా పుట్టిన దూడ మెడలో ఉంటుంది. కొత్త వస్తువు కొంటే దానికి అది లేకపోతే వింతగానీ, ఉంటే ఎవరి కంటికి ఆనుతుంది? పైగా మధ్యాహ్నాలు ఇనుప స్తంభాలు కాలిపోతుంటాయని ఆమె పొద్దున్నే వచ్చి ఎక్కేది. పొద్దున గాలి ఉండదు. ఆమె గీతల్లో తప్పు వెతుక్కుంటూ కూర్చుంది. మహ్కమ్ ఒక్కడే చూడగలిగాడంటే, ఆ ఎనిమిది కెమెరాలనీ పదిహేను రోజులుగా కళ్లలో నిప్పులు పోసుకుని చూస్తున్నది ఆయన ఒక్కడే గనక.

ఒక్క మాట చాలు. "ఆ కట్ట తీసెయ్యి చెల్లెమ్మా." అయిపోయేది. చెప్పలేదు. చెప్పకపోగా, ఇంటికి నడుస్తూ ఒక పథకం కూడా వేసుకున్నాడు. శుక్రవారం ఆమె ఓడిపోతుంది. పని తన చేతికొస్తుంది. శనివారం తను నిచ్చెన ఎక్కి, గుట్టుచప్పుడు కాకుండా కట్టలు కోసేసి, మూడొందల్ని ఐదు చేసి చూపిస్తాడు. గాడిద సంగతి ఊరు మరిచిపోతుంది.

బుధవారం హుల్కర్ మహ్కమ్ కొట్టుకి వచ్చింది. కళ్ల కింద నల్లగా ఉంది. లోపలికొచ్చి, పాత అలవాటుకొద్దీ బల్ల వెనక కెటిల్ తీసి ఆయనకి టీ పోసి రెండు చేతులతో అందించింది.

"ఉస్తా, నాకు అర్థం కావడం లేదు. గీతలన్నీ చెరిపి మళ్లీ గీశాను. గుడ్డలకి రాళ్లు పెట్టించాను. ఏం చేసినా మోగుతూనే ఉంది. నాకంటే మీరెక్కువ చూశారు. ఏమై ఉంటుందంటారు?"

ఇదిగో, ఇక్కడ ఆగి చెప్పుండచ్చు మహ్కమ్. టీ చప్పరించాడు.

"ఎండకి లోపలి గాజు చెడి ఉంటుంది," అన్నాడు. "రెండు మూడు కెమెరాలు విప్పి అద్దాలు మార్చు. అప్పటికీ తగ్గకపోతే చురుకుదనం తగ్గించు."

"చురుకుదనమా? మరి గాడి..." అని నాలిక కరుచుకుంది హుల్కర్.

"గాడిద అని అను. ఫరవాలేదు, ఊరంతా అంటోందిగా."

"తప్పయింది ఉస్తా. మీరు చెబితే సరే, అద్దాలు మార్చి చూస్తా." గుమ్మం దగ్గర వెనక్కి తిరిగింది. "శుక్రవారం దాకా తగ్గకపోతే మళ్లీ మీ బల్ల వెనకే తీగలు కొలుచుకుంటా. చోటుంటుందా?"

"ఉంటుందిలే," అన్నాడు మహ్కమ్.

ఆ మాట అన్నాక ఒక గంటసేపు ఆయనకి ప్రాణం ఎంత హాయిగా ఉందో చెప్పలేం. బల్ల వెనక ఆమె నిలబడ్డట్టే ఊహించుకుని, ఎండలో కాసేపు బయట కుర్చీ వేసుకుని కూర్చున్నాడు కూడా.

గురువారం వాహిద్ వచ్చాడు. వచ్చీ రాగానే టోపీ తీసి విసనకర్రలా విసురుకున్నాడు.

"మహ్కమ్ అకా, నిన్న నాలుగొందలు! విసుగొచ్చి నిన్న ఆ అమ్మాయిని నలుగురిలో గట్టిగానే అడిగేశా. ఏమందో తెలుసా? 'తప్పు నాది. మా ఉస్తా దారి చెప్పాడు, నాకే చేతకాలేదు' అంది. ఇంకోళ్లయితే మీరు బిగించిన కెమెరాలే పాతవని మీ మీదికి తోసేవాళ్లు. మంచిపిల్ల పాపం. కానీ మంచితనంతో అలారాలు ఆగవుగా? రేపు పలావుకి రండి. పని మీకే అప్పగిద్దామని మా వాళ్లతో అనేశా."

అనుకున్నదంతా చేతికొచ్చింది. ఎగిరి గంతెయ్యాలి. ఆ రాత్రి మహ్కమ్ పళ్లెం ముందు కూర్చుని ఒక్క ముద్ద మింగలేకపోయాడు.

సనోబర్ ముక్కున వేలేసుకుంది. "నాలుగొందలని మీరేగా చెప్పారు? నాలుగొందలైనా తినకపోతే ఇంకెప్పుడు తింటారు?"

"'మా ఉస్తా' అందట," అన్నాడు మహ్కమ్.

"అంటే?"

"నలుగురిలో. నన్ను ఒక్క మాట అనకుండా."

సనోబర్ ఆయన ముఖంలోకి చూసింది. "మీరేం చేశారు?" అంది. ఆయన పళ్లెం పక్కకి జరిపి లేచాడు.

దీనికి మంచితనం అని పేరు పెట్టకండి. అలా జాలిపడే మనిషైతే మంగళవారమే చెప్పేవాడు. ఆయన్ని కుళ్లబొడుస్తున్నది వేరు. అలాంటి మాట తన నోటికి వచ్చేదా? చచ్చినా వచ్చేది కాదు. పనిలో తనని దాటింది, సరే. ఇప్పుడు మనిషిగా కూడా దాటిపోయింది. ఇది ఎక్కడి అన్యాయం! అబద్ధంతో పని గుంజుకుంటే ఊరు తనని ఉస్తా అంటుంది. కానీ అన్నప్పుడల్లా, ఉస్తా ఎవరో నాకు తెలుసులే అని లోపలినుంచి ఒకటి అంటూనే ఉంటుంది. దాంతో ఎలా వేగడం? పోనీ, వెళ్లి నిజం చెప్పేద్దామా అంటే, ఎప్పుడు చూశావని అడుగుతారు. అది చెప్పడానికి నోరు రాదు.

కాబట్టి ఒక దారి వెతుక్కున్నాడు. ఎవరికీ తెలియకుండా కట్టలు కోసేయాలి. అలారాలు వాటంతటవే ఆగిపోతాయి. ఆమె గెలిస్తే గెలుస్తుంది, తన సంగతి మాత్రం ఎవరికీ తెలీదు.

శుక్రవారం ఊళ్లో మగవాళ్లంతా జుమ్మాకి మసీదులో ఉన్న వేళ, మహ్కమ్ నిచ్చెన భుజాన వేసుకుని కూలిన గోడలోంచి కళ్లంలో దూరాడు. కళ్లం పక్కనున్న వాహిద్ ఇంటి వెనకనుంచి ఆడవాళ్లు పలావుకి కేరట్లు తరిగే చప్పుడు, నవ్వులు వినిపిస్తున్నాయి. గబగబా మొదటి స్తంభం ఎక్కాడు. నడుముకున్న చుస్త్ కత్తి తీసి దారం కోశాడు. కట్టని పళ్ల మధ్య పట్టుకుని దిగాడు. రెండోది. మూడోది. చెమటలు కారుతున్నాయి. ఒక్కో కెమెరా ముందూ ముఖం పెట్టి, ఆ దారం ముడి ఎక్కడుందో వెతికి మరీ కోశాడు.

చూశారా చిత్రం! పద్నాలుగేళ్లు కెమెరాలు బిగించిన మనిషి, కెమెరా తననీ చూస్తుందన్న సంగతే మరిచిపోయాడు.

మసీదు బయట వాహిద్ బూట్లు తొడుక్కుంటూ ఫోను తెరిచాడు. చుట్టూ రైతులు. "ఇదిగో చూడండి, మనం నమాజులో ఉండగానే ఆరు. ఉత్తుత్తివే ఉంటాయి, మీరే చూడండి..." అని బొమ్మ తెరిచాడు. తెరనిండా మహ్కమ్ ఉస్తా ముఖం. ఒక్కో చెమటచుక్కా లెక్కపెట్టచ్చు. చేతిలో కత్తి, నోట్లో ఇసిరిక్ కట్ట.

వాహిద్ ఇంటికి ఫోను చేశాడు. ఏడో స్తంభం మీద ఉండగా మహ్కమ్‌కి కిందనుంచి కేక వినిపించింది.

"దిగరా కిందికి!"

తోజిఖాన్ బువి. చేతిలో పలావు గరిటె. ఆవిడ వెనక కేరట్లు తరిగే ఆడవాళ్లంతా, వాళ్లలో హుల్కర్. ఇంకో నిమిషానికి గేటులోంచి కార్లు, కార్లలోంచి రైతులు. మహ్కమ్ దిగాడు.

"నేను ఆ రోజే అనుకున్నా!" అంది బువి. "మాషల్లా అనకుండా పొగిడినప్పుడే అనుకున్నా. దిష్టి కట్ట మీద చెయ్యి వేసేది ఎవరమ్మా? దిష్టి పెట్టినవాడేగా! ఈ పిల్ల పని మీద ఏడ్చింది చాలక, కాపాడేదాన్ని కూడా కోసుకుపోతున్నాడు. చూడండి, అందరూ చూడండి!"

"కాదు బువీ," అన్నాడు మహ్కమ్. "మోగేది వీటివల్లే. గాలికి అద్దం ముందుకొస్తున్నాయి."

హుల్కర్ ముందుకొచ్చి ఆయన చేతిలోంచి ఒక కట్ట తీసుకుంది. దాన్ని దారంతో పట్టుకుని, తన ముఖం ముందు ఒకసారి ఊపి చూసింది. ఇంకోసారి ఊపింది.

"అయ్యో," అంది మెల్లిగా. "అయ్యో దేవుడా! ఇదా? నా కళ్లు పోయాయా? రోజూ దీని పక్కనే చెయ్యి పెట్టి ఎక్కానే!"

వాహిద్ ముఖం వెలిగిపోయింది. "ఓహో! అదా సంగతి! అయితే మహ్కమ్ అకా ఇవాళ వచ్చి ఇట్టే పట్టేశాడన్నమాట. ఎవరికీ కనిపించనిది కనిపెట్టాడు. ఉస్తా అంటే ఉస్తానే మరి! అమ్మా, ఆయన్ని పట్టుకుని అంతలేసి మాటలన్నావ్." రైతులు తలలూపారు. ఒకాయన మహ్కమ్ భుజం కూడా తట్టాడు.

తప్పించుకునే దారి అంత సులువుగా దొరికింది. పథకం వేసిన రోజు కూడా ఇంత బాగా కుదురుతుందనుకోలేదు. నోరు మూసుకుని నిలబడితే చాలు, ముప్పై ఎనిమిది కళ్లాలూ ఆయనవే.

హుల్కర్ మాత్రం ఆయన వైపే చూస్తోంది. కళ్లలో కోపం లేదు. పాఠం అప్పజెప్పించుకునేటప్పుడు చూసినట్టు చూస్తోంది.

"ఎప్పుడు చూశారు ఉస్తా?" అని అడిగింది.

ఇవాళ అంటే సరిపోతుంది. ఇప్పుడే అన్నా సరిపోతుంది. నాలిక చివరిదాకా వచ్చింది ఆ మాట.

"మంగళవారం," అన్నాడు మహ్కమ్.

భుజం మీది చెయ్యి తొలగిపోయింది.

"మంగళవారం గాలి వేళ, కాలువ గట్టు మీంచి చూశాను. నవ్వుకున్నాను కూడా. బుధవారం నువ్వొచ్చి అడిగినప్పుడు నాకు తెలుసు. తెలిసే అద్దాలు మార్చమన్నాను. గాజు చెడిపోలేదు, ఏమీ లేదు. ఓర్వలేక చెప్పలేదు. నువ్వు ఓడిపోవాలని చెప్పలేదు. అంతే."

కళ్లంలో గుడ్డలు గాలికి టపటపలాడాయి. హుల్కర్ పెదవులు బిగించుకుని నేల చూసింది. "మూడు రాత్రులు నిద్రపోలేదు ఉస్తా నేను," అంది. "పిల్లల మీద కసురుకున్నాను. నాకు బుర్ర లేదనుకున్నాను."

వాహిద్ గొంతు సవరించుకుని, రైతుల వంక ఒకసారి చూసి, "ఇంక అడగాల్సిందేముంది? పని హుల్కర్‌ది," అన్నాడు. ఎవరూ కాదనలేదు. మహ్కమ్ నిచ్చెన కోసం వంగాడు.

"ఆగు," అంది బువి. "ఊరికే పోతానంటే ఎలా? దారం ఇచ్చి పో."

కన్ను పెట్టిన మనిషి బట్టలోంచి ఒక పోగు తీసి ఇసిరిక్‌తో కలిపి కాలిస్తేగానీ దిష్టి వదలదు. ఎవరి బట్ట అడిగారంటే ఆ మనిషి పరువు పోయినట్టే. చుస్త్‌లో ఆ మాట అన్నందుకు కత్తులు దూసినవాళ్లున్నారు. మహ్కమ్ కత్తి తీసి తన చొక్కా అంచునుంచి ఒక పోగు తనే కోసి, బువి అరచేతిలో పెట్టాడు.

బువి మూకుడులో నిప్పులు తెప్పించి, ఆకూ పోగూ వేసి, ఆ పొగని హుల్కర్ తల చుట్టూ మూడుసార్లు తిప్పింది. హుల్కర్ దగ్గింది. కళ్లు తుడుచుకుంది.

"బువీ," అంది, "ఆయనకీ తిప్పండి. ఈ దిష్టి నాకంటే ఆయనకే ఎక్కువ తగిలింది."

ఎవరో ఫక్కున నవ్వబోయి ఆపుకున్నారు. బువి మూకుడు పట్టుకుని ఆయన ముందుకొచ్చి నిలబడింది.

ఆమె తిట్టుంటే మహ్కమ్ భరించేవాడు. చెప్పు విసిరినా భరించేవాడు. ఇలా అంటుందని ఎవరనుకున్నారు? ముప్పై ఎనిమిది కళ్లాల రైతుల ముందు ఆయన కడుపులో మళ్లీ అదే మంట లేచింది. ఈసారి దాచుకోలేదు.

"ఇందులో కూడా నన్ను దాటేశావు," అన్నాడు. "చెప్పేస్తే తగ్గుతుందనుకున్నా. ఇప్పుడు కూడా మండుతోంది హుల్కర్."

"తెలుసు ఉస్తా," అంది హుల్కర్. "తల వంచండి. నిప్పు ఆరిపోతోంది."

మహ్కమ్ టోపీ తీసి తల వంచాడు.